సుబ్బులమ్మ కన్న దయ్యం

మా చింతలమిట్ట చెరువుకు నీళ్ల కరువు వచ్చిన ఏళ్లు చాలా ఉన్నాయి గానీ దయ్యాల కరువు మాత్రం ఏనాడూ రాలేదు. వడమాలపేట దాటి పుత్తూరు పోయే దారిలో బస్సు దిగి ఎడమ పక్కకు తిరిగితే కనబడేదే మా చెరువు కట్ట. ఆ కట్ట మొదట్లో నాకొక టీ అంగడి ఉంది. నా పేరు గ్రేసీ. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చెరువుకు ఎదురుగా కూర్చునేదాన్ని కాబట్టి దాని కథలన్నీ నా చెవిన పడే పోతాయి. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటును మేము మొరవ అంటాం. ఆ మొరవ దగ్గర మునీశ్వరుడు చుట్ట కాలుస్తూ కూర్చుంటాడట. తూము దగ్గర ఏడుగురు అక్కదేవతలు స్నానానికి దిగుతారట, తెల్లారి చూస్తే రాతి మీద వాళ్ల తడి పాదాలు కనిపిస్తాయట. నేను ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే మనిషిని, ఇవేవీ నమ్మను. అట్లాగని పొద్దుగూకాక తూము పక్కకు పోయి రమ్మంటే పోను. నమ్మకం వేరు, భయం వేరు.

ఇవన్నీ పాత దయ్యాలు. ఎవరి తాతలు చూశారో తెలియదు, ఎవరికీ చుట్టాలు కారు. వీటి మధ్య పదేళ్లపాటు ఒక కొత్త దయ్యం ఉండేది. దానికి పేరుంది, ఇల్లుంది, బడి హాజరులో నంబరు కూడా ఉండేది. అది మా పక్కింటి సుబ్బులమ్మ కూతురు దేవయాని. దయ్యం సంగతి ఊరంతా చెప్తుంది, పక్క ఊళ్లూ చెప్తాయి. నేను చెప్పేది దాని తల్లి సంగతి.

సుబ్బులమ్మ నాకంటే పెద్దది, అక్కా అంటాను. ఆమె నన్ను ‘మే గ్రేసీ’ అంటుంది. మనిషి సన్నం, నోరు గట్టి. మొగుడు కామెర్లతో పోయేనాటికి కొడుకు ధనశేఖర్ ఒకటో తరగతిలో ఉన్నాడు, దేవయాని కడుపులో ఉంది. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బడిలో మధ్యాహ్నం అన్నం వండే పనిలో చేరింది. ఇప్పటికీ అదే పని. గుడ్డు పెట్టే రోజు ఎవడైనా రెండో గుడ్డు అడిగితే గరిటె ఎత్తి చూపిస్తుంది. వాడు మూతి ముడుచుకొని పోతుంటే వెనక్కి పిలిచి తన వంతు గుడ్డు వాడి కంచంలో పడేస్తుంది. అట్లాంటి మనిషి.

తిరుత్తణి కొండ మీద జరిగే ఆడికృత్తిక పండగ నాడు పుట్టిందని, బిడ్డకు ఆ స్వామివారి భార్య పేరు పెట్టుకుంది. దేవయాని నల్లగా, గుండ్రంగా ఉండేది. వట్టి భయస్తురాలు. గోడ మీద బల్లి కదిలితే ఏడ్చేది. దొడ్డి పక్కకు పోవాలంటే వాళ్ల అన్న చొక్కా పట్టుకొని పోయేది. ఊరిని గడగడలాడించే దయ్యమవుతుందని ఎవరైనా అంటే ఆ రోజుల్లో నవ్వేవాళ్లం.

రోడ్డు వెడల్పు చేస్తున్న కాలంలో మా చెరువులోంచి మట్టి తోలారు. ఎవరు తోలారో, ఎవరు తోలుకోమన్నారో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. ఎక్కడో నడి చెరువులో తవ్వి ఉన్నా కొంత నయం. పిల్లలు దిగే రేవు పక్కనే, ఇల్లు మునిగేంత గుంత తవ్వి వదిలేసి పోయారు. ఆ ఏడు కార్తీకంలో కుండపోత వానలు. ఎన్నో ఏళ్ల తర్వాత చెరువు మొరవ పోయిందని ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. నీళ్లు నిండాక గుంత ఏది, రేవు ఏది? పైకి అంతా ఒకటే. మూడో తరగతి చదివే దేవయాని బడి వదిలాక బురద కాళ్లు కడుక్కుందామని దిగింది. మోకాలి లోతు అనుకున్న చోట అడుగు లేదు. ఆ రోజు సుబ్బులమ్మ ఏడ్చిన ఏడుపు గురించి నేను చెప్పను. అది చెప్పుకునేది కాదు.

కొన్నాళ్లు ఊరికి చెరువంటే భయం పట్టుకుంది. తర్వాత మామూలే, మరుపు అంత మంచిది ఇంకొకటి లేదు కదా. పిలకాయలు, అంటే మా పక్క పిల్లల్ని అట్లాగే అంటాం, మళ్లీ దిగడం మొదలుపెట్టారు. సుబ్బులమ్మ గుంత పూడ్చమని పెద్దమనుషుల్ని అడిగింది, ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి ఎవరో వచ్చి ‘ప్రమాదం’ అని రాసిన రేకు బోర్డు పాతి పోయారు. ఆ వారమే పిలకాయలు దాన్ని పీకి క్రికెట్‌కు వికెట్ చేసుకున్నారు. ఆమే కంప నరికి తెచ్చి రేవుకు అడ్డం వేసింది. ఎండిన కంప కదా, పొయ్యిలోకి బాగుంటుందని ఎవరో ఎత్తుకుపోయారు.

ఒకరోజు మధ్యాహ్నం బడి పని ముగించుకొని వస్తూ, సరిగ్గా ఆ గుంత మీదనే ముగ్గురు నలుగురు ఈత కొడుతుండడం చూసింది. బయటికి రమ్మని అరిచింది. వాళ్లు నవ్వారు. ఆమె అరిచినకొద్దీ వాళ్లు ఇంకా లోపలికి పోయి చేతులూపారు. వాళ్లు తమంతట తాము గట్టెక్కేదాకా ఆమె అక్కడే నిలబడి, తర్వాత నా అంగడికి వచ్చి బల్ల మీద కూర్చుంది. టీ ఇచ్చాను. చల్లారిపోయినా ముట్టలేదు.

మర్నాడు మా జెస్సీ, అప్పుడు రెండో తరగతి, బడి నుంచి వణుకుతూ వచ్చి నా కొంగు పట్టుకుంది. విషయమేమంటే, అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ సుబ్బులమ్మ పిల్లలకు ఒక మాట చెప్పిందట. రాత్రి దేవయాని కలలోకి వచ్చిందట, నీళ్లల్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానమ్మా, నాకు తోడు కావాలి అని ఏడ్చిందట. ఆ గుంత దగ్గరికి ఎవరొస్తే వాళ్ల కాలు పట్టుకొని లాక్కుంటానని చెప్పిందట. గొంతు పెంచకుండా, సాంబారు పోస్తూనే ఇదంతా చెప్పిందట. ఆ రోజు బడిలో అన్నం సగానికి సగం మిగిలిపోయింది. మర్నాటి నుంచి రేవులో ఒక్క పిల్ల కనిపిస్తే ఒట్టు. అయ్యో, కడుపుకోతతో మతి చెడినట్టుంది పాపం అనుకున్నాను నేను.

కథ అన్నాక చెప్పినవాళ్ల చేతిలో నిలుస్తుందా? ఒకరు తడి పావడ చూశామన్నారు. ఒకరు గజ్జెల చప్పుడు విన్నామన్నారు, ఆ బిడ్డకు జన్మలో గజ్జెలు లేవు. పాల వ్యాను నడిపేవాడు, కట్ట మీద చిన్నపిల్ల చెయ్యి ఎత్తి ఆపిందనీ, వెనక్కి తిరిగి చూస్తే లేదనీ పుత్తూరు దాకా చెప్పాడు. మునీశ్వరుడూ అక్కదేవతలూ వెనకబడిపోయారు. ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చినా దేవయాని సోకిందనేవాళ్లు. పొరుగూరి ఆడవాళ్లు సుబ్బులమ్మ వాకిట్లోకి వచ్చి, చచ్చి కూడా సాధిస్తోంది నీ కూతురు అని ఆ బిడ్డను బండబూతులు తిట్టిపోయేవాళ్లు. దానికి నేను చెప్తాను పొమ్మని సుబ్బులమ్మ చేతులు జోడించి పంపేసేది. ఎదుటివాడు ఒకటంటే నాలుగనే మనిషి, ఈ ఒక్క విషయంలో పల్లెత్తు మాట అనేది కాదు. ఒకసారి చందాలు వేసుకొని మంత్రగాడిని పిలిపించి, దయ్యాన్ని కట్టేస్తానని వాడంటే కట్ట మీది తుమ్మచెట్టుకు మేకు కొట్టించారు. ఆ రోజు ఆమె బడికి పోలేదు. నేను సంగటి ముద్ద పట్టుకొని పోతే తలుపు తీయలేదు.

ఊరికి అర్థం కానిది ఇంకొకటి ఉంది. మా పక్క హిందువుల ఇళ్లల్లో పెళ్లి కాని ఆడబిడ్డ పోతే ఆమెను బయట వదిలేయరు. ఏడాది తిరిగేలోపల, పోయిన చోటికి పోయి పేరు పెట్టి పిలుస్తారు. చెంబులో నీళ్లతో ఆమెను ఇంటికి తెచ్చుకొని, కొత్త పావడా రెవికా గాజులూ పెట్టి దీపం వెలిగిస్తారు. ఆ రోజు నుంచి ఆమె దయ్యం కాదు, ఆ ఇంటి కన్నెమ్మ. తర్వాత ఇంట్లో ఏ పెళ్లి జరిగినా మొదటి పావడ ఆమెకే. మా సంఘంలో ఈ పద్ధతి లేదు గానీ చిన్నప్పటి నుంచి చూస్తూనే పెరిగాను. సుబ్బులమ్మ ఆ పని చేయలేదు. చుట్టాలు అడిగితే వచ్చే ఏడు అనేది. ఆ వచ్చే ఏడు రానే లేదు. కన్నతల్లికే పట్టలేదు, ఆ బిడ్డ దయ్యం కాక ఏమవుతుంది అని ఊరు ముక్కున వేలేసుకుంది. నేనూ ఒకసారి అడిగాను. నీకెందుకు మే, నువ్వు టీ కాచుకో అంది. నాకు ఒళ్లు మండి చాలా రోజులు ఆమె ఇంటి పక్కకు కూడా చూడలేదు.

ఇట్లా పదేళ్లు నడిచింది. ధనశేఖర్ చదువు ముగించి శ్రీకాళహస్తి పక్క ఒక కంపెనీలో పనికి చేరాడు. నగరి నుంచి సంబంధం వచ్చింది. పిల్లా పిల్లవాడూ ఒకరికొకరు నచ్చారు. పిల్ల తండ్రి మునస్వామి నెమ్మదైన మనిషి, కోరికలేవీ పెట్టలేదు. ఒకే ఒక మాటన్నాడు. ముందు మీ కన్నెమ్మను ఇంటికి తెచ్చుకోండి, ఆడబిడ్డ బయట తిరుగుతున్న ఇంటికి మా బిడ్డను ఎట్లా పంపేది అన్నాడు. న్యాయమైన మాటే. సుబ్బులమ్మ ఇప్పుడు కుదరదంది. ఎందుకు కుదరదో చెప్పలేదు. మునస్వామి రెండుసార్లు కబురు పంపి, ఇక వేరే సంబంధం చూసుకుంటామన్నాడు. ధనశేఖర్ మెత్తని పిల్లవాడు, తల్లికి ఎదురు చెప్పి ఎరగడు. అన్నం మానేసి కూర్చున్నాడు.

ఊరి పెద్ద కుప్పయ్య విషయం తెలిసి, ఒక ఆదివారం బడి వరండాలో నలుగురినీ పోగు చేశాడు. నలుగురంటే నలుగురు కాదు, ఊరంతా వచ్చింది. ప్రార్థన ముగించుకొని నేనూ మా జెస్సీ కూడా పోయాం. సుబ్బులమ్మ స్తంభానికి ఆనుకొని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

కుప్పయ్య మొహమాటం లేని మనిషి. “కన్నబిడ్డను పదేండ్లుగా నీళ్లల్లో వదిలిపెట్టినావు. కొడుకు బతుకు గూడా ముంచుతావా ఏం?” అన్నాడు.

“వదిలిపెట్టలేదన్నా,” అంది సుబ్బులమ్మ. “కాపలా పెట్టినాను.”

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. కల రాలేదట. తోడు కావాలని దేవయాని ఎప్పుడూ అడగలేదట. అసలు ఒక్కసారి కూడా కలలోకి రాలేదట, కలలోనైనా కనబడుతుందేమోనని తాను ఎదురుచూస్తూ పడుకున్నా రాలేదట. ఆ మాటలన్నీ తాను అన్నం గిన్నె ముందు నిలబడి అల్లిందట. బోర్డు పెడితే వికెట్ చేసుకున్నారు, కంప వేస్తే పొయ్యిలో పెట్టుకున్నారు, అరిస్తే నవ్వారు, నా బిడ్డ పేరు చెప్తే ఆగారు అంది. ఇంటికి తెచ్చుకొని పావడ పెడితే ఇక చెరువులో దయ్యం లేదని ఆ పొద్దే అందరికీ తెలిసిపోతుంది, పిలకాయలు మళ్లీ దిగుతారు, గుంత గుంతలాగే ఉంది అంది. అందుకే ఏటా వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ పోయింది.

వెనక నుంచి ఎవరో, దయ్యం లేదంటే ఎట్లా, నేను కళ్లారా చూశాను కదా అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ధనశేఖర్ లేచి నిలబడ్డాడు. “నాకన్నా చెప్పింటే ఏమమ్మా? నా చెల్లెల్ని తలుసుకొని నేనే బయపడతా ఉన్నింటిని.”

“ఆ పొద్దు నువ్వూ ఈతకు పోయేవాడివే గదా నాయనా,” అంది ఆమె.

వాడు బడి మెట్టు మీద కూలబడి, అందరి ముందూ చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. ఆమె వాడి దగ్గరికి పోలేదు. పోతే తన మాట ఆగిపోతుందని భయపడినట్టుంది. కుప్పయ్య వైపు తిరిగింది.

“పిల్లోడికి పెండ్లి చేయాల. బిడ్డను ఇంటికి తెచ్చుకుంటాను, నాకు మాత్రం ఆశ లేదా? తెచ్చుకున్నాక ఆ గుంత కాడ కాపలాకు ఎవురింటి బిడ్డను పెడతారో, అది చెప్పండి.”

చిన్నపిల్లలున్న తల్లులు వాళ్లను దగ్గరికి లాక్కున్నారు. మట్టి తోలిన రోజుల్లో కుప్పయ్య బామ్మర్ది ట్రాక్టరే అన్నిటికంటే ముందు నడిచింది, ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఎదురుగా ఉన్న మాకూ తెలుసు. చివరికి, సోమవారం మిషన్ పిలిపిస్తాను, మట్టి నేనే తోలిస్తాను అని లేచిపోయాడు. ఆఫీసులకు ఎన్ని అర్జీలు పెట్టినా కదలని పని, ఆ ఒక్క మాటతో కదిలింది.

నాకు మాత్రం ఆమె మీద కోపం వచ్చింది. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లు మావి. ఉప్పూ పప్పూ మార్చుకునేవాళ్లం. నాతో ఒక్క మాట చెప్పకపోవడమేమిటి? ఇంటికి పోయే దారిలో నిలదీశాను. నీకు చెప్తే నువ్వు జెస్సీకి చెప్తావు, జెస్సీ దిగుతుంది అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలిసిన సంగతే. పక్కన నడుస్తున్న జెస్సీని చూశాను. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, నాకంటే ఎత్తు. అంటే మా బిడ్డకూ దేవయానే కాపలా కాసింది. నా కోపమంతా దిగిపోయి, ఇంటికి పోయి మోకాళ్ల మీద కూర్చుంటే ప్రార్థన రాలేదు, ఏడుపు వచ్చింది.

ఎండాకాలం కాబట్టి చెరువు ఎండి ఉంది, గుంతలో మాత్రం పచ్చటి నీళ్లున్నాయి. మిట్ట మీది మట్టి తెచ్చి పోశారు. పని జరిగినన్నాళ్లూ సుబ్బులమ్మ నెత్తిన తువ్వాలు వేసుకొని గట్టున కూర్చుంది. నేల చదునయ్యాక చెప్పులు విడిచి దాని మీద అటూ ఇటూ నడిచింది. ఇక కబురు పంపుదామా అని కొడుకు అడిగితే ఆగమంది. ఒక్కసారి నీళ్లు నిండనీ, కొత్త మట్టి కదా, కుంగుతుందేమో చూడాలి అంది. ఆ మాట విని మునస్వామి, మేము ఆగుతామమ్మా, నువ్వు చూసుకో అని కబురు పంపాడు.

ఆశ్వయుజంలో వానలు పడి చెరువుకు నీళ్లొచ్చాయి. ఒక పొద్దున నేను పొయ్యి అంటిస్తుంటే సుబ్బులమ్మ రేవులోకి దిగడం కనిపించింది. బడికి పోయే పిలకాయలు కట్ట మీద బిగుసుకుపోయి నిలబడ్డారు. కూతురు తల్లిని పిలుచుకుంటోందని వాళ్ల భయం. నేను పాలు పొంగిపోయినా చూసుకోలేదు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి, నడుముకు వచ్చాయి, అక్కడే ఆగాయి. ఆ చోట ఒక మూల నుంచి ఇంకో మూలకు ఆమె మెల్లగా నడిచింది. బయటికి వచ్చి తడి చీర పిండుకుంటూ నాతో అంది.

“అడుగు తగలతా ఉండాది మే.”

ఆ శుక్రవారం సాయంత్రం బిడ్డను తెచ్చుకోవడానికి పోయింది. ధనశేఖర్ పావడా గాజులూ పెట్టిన వెదురు చాట పట్టుకున్నాడు. పావడ కుట్టిన దర్జీ కొలత అడిగితే మూడో తరగతి బిడ్డకు అని చెప్పిందట. రేవులో నిలబడి పేరు పెట్టి పిలవాలి కదా. పదేళ్లుగా ఆ పేరు పిల్లల్ని బెదిరించడానికే పలికింది, పిలవడానికి పలకలేదు. కొడుకు భుజం పట్టుకున్నాక పిలిచింది. దేవయానీ, రామ్మా, ఇంటికి పోదాం అంది. చెంబు ముంచి, పైన పూలు పెట్టి, రెండు చేతులతో రొమ్ముకు ఆనించుకొని నడిచింది.

కన్నెమ్మను తెచ్చేటప్పుడు వీధి వీధంతా వాకిళ్లలో నీళ్లు చల్లి, రామ్మా అని పిలవాలి. ఆ రోజు వీధిలో తలుపులన్నీ మూసేశారు. గుంత పూడింది, కథంతా ఉత్తదని అందరూ తమ చెవులతో విన్నారు, అయినా తలుపులు మూశారు. కిటికీ సందుల్లోంచి చూసేవాళ్లు చూశారు. సుబ్బులమ్మ తలెత్తకుండా నడిచింది. ఆ నడక చూసి నా ప్రాణం ఉసూరుమంది. మా ఆయన ఏబెల్ ఏమంటాడో, సంఘం ఏమంటుందో అని ఒక్క క్షణం ఆలోచించి, బిందెడు నీళ్లు వాకిట్లో కుమ్మరించాను. రామ్మా దేవయానీ అన్నాను. సుబ్బులమ్మ నా వైపు చూసి తల ఊపి లోపలికి పోయింది.

వెనకే నేనూ పోయాను. చెంబు మూలన పెట్టి, పీట మీద పావడా రెవికా పరిచి, గాజులు సర్దింది. ధనశేఖర్ దీపం వెలిగించి చెల్లెలికి దండం పెట్టుకున్నాడు. ఆకులో పొంగలి, పప్పు, అరటిపండు పెట్టారు. సుబ్బులమ్మ పీట ముందు కూర్చొని, మడత పడిన పావడ కుచ్చిళ్లను అరచేత్తో చాలాసేపు సరిచేసింది. తర్వాత, బడి నుంచి అలిసొచ్చిన బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడింది.

“ఇంక నువ్వు ఎవురినీ బెదిరియ్యాల్సిన పన్లేదు బిడ్డా. తిని పడుకో.”